కచ్చా కుట్టు

శనివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మంట. సాయంత్రం నాలుగయ్యేసరికి మా సందు మొదట్లో ఇరవై మంది పోగవుతారు. వాళ్ళు ఏ పరాయి దేశం నుంచో ఊడిపడ్డారనుకునేరు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో పెరిగి, రెండు బస్సులు మారితే తమ ఇంటికి పోయేవాళ్ళే. సొంత ఊరు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. ఆ టిక్కెట్లు అమ్మే మహానుభావుడు ఎవరో కాదు, సాక్షాత్తూ మా మరిది.

మా ఆయన తమ్ముడు వాడు. ఈ కటింగు బల్ల దగ్గరే పెరిగాడు. పదేళ్ళు అన్నగారి దగ్గర పని నేర్చుకుని, ఒక్క కాలరు కూడా మెడకి సరిగ్గా కూచునేలా కుట్టలేకపోయాడు. చేతికి రాని పనంతా నోటికొచ్చింది. ఇప్పుడా నోటితోనే బతుకుతున్నాడు. నెత్తిన టోపీ, మెడలో అన్నగారి కొలతల టేపు దండలా వేలాడేసుకుని, "మన ఊరి నడక" అని రాసిన అట్ట పట్టుకుని ముందు నడుస్తాడు. వెనకాల ఆ ఇరవై మంది.

నడకకి మూడు మజిలీలు. తిండి, పాట, వేషం. మొదట మా కొట్టుకి ఎదురుగా ఉన్న చేపలావిడ బండి. ఆవిడ చేప వేయించి, రొట్టెలో పెట్టి, కాగితంలో చుట్టి ఇస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి తింటున్నాను ఆ చేపని. ఆకలేస్తే తిన్నాను, కడుపు నిండితే చెయ్యి కడుక్కున్నాను. వీళ్ళు మాత్రం ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆహా, అసలు మన ఊరి రుచంటే ఇది కదా!" అంటారు. ఏం, ఇన్నాళ్ళూ గడ్డి తిన్నారా?

రెండోది పాట. మా పైవాటాలో క్లారినెట్ మాస్టారు ఉంటారు. డెబ్బై దాటిన మనిషి. మెట్ల మీద కూచుని రెండు పాటలు వాయిస్తారు. ఇన్నేళ్ళూ ఆయన వాయిస్తే "కాస్త తలుపేసుకుని వాయించండి" అని అరిచిన ఊరే ఇది. అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు. ఇప్పుడు ఫోన్లు పైకెత్తి, ఊపిరి బిగబట్టి వింటారు.

మూడోది వేషం. అదే, స్టైలు. అంటే మా కొట్టు, అంటే నేను. చేప నూనె చేతుల్తో గడప దగ్గర నిలబడి, "ఆవిడే, ఆవిడే" అని గుసగుసలు. పెళ్ళయినప్పటి నుంచీ నేను మగవాళ్ళ కోట్లు కుడుతున్నాను. మా ఆయన పోయిన ఆరేళ్ళ నుంచీ ఒక్కదాన్నే ఈ కొట్టు నడుపుతున్నాను. అది వాళ్ళకి ఒక వింత. ఒకమ్మాయి, "ఈ మిషను నిజంగానే పనిచేస్తుందా ఆంటీ, లేక చూడ్డానికి పెట్టారా?" అనడిగింది. "వేలు పెట్టి చూడు, తెలుస్తుంది" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. తిట్టినా నవ్వుతారు ఆ జనం. తిట్టు కూడా టిక్కెట్టులో భాగమే అనుకుంటారు.

"మా వదిన నోరంటే ఈ సందులో అందరికీ హడలు. కుట్టేది కచ్చా కుట్టు, మాట్లాడేది కచ్చగా!" అని వాడు వంతపాడతాడు.

కచ్చా కుట్టు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కోటు కుట్టేటప్పుడు అసలు కుట్టుకి ముందు, గుడ్డ జరగకుండా తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేస్తాం. ట్రయలు అయ్యాక, పని పూర్తయ్యాక, దాన్ని లాగి పారేస్తాం. ఒక్క పోగు కూడా మిగలకూడదు. కచ్చా కుట్టుతో కోటు బయటికి పంపడమంటే, ఒళ్ళంతా సబ్బు నురగతో వీధిలోకి రావడమే. మా ఆయన అయితే మనిషిని కోటుతో కిటికీ దగ్గర నిలబెట్టి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసిగానీ గడప దాటనిచ్చేవాడు కాదు.

మరిది మాటలు నేను భరించేదాన్నే. ఎవడి పొట్ట వాడు పోసుకుంటాడు. కానీ వాడి కన్ను మా అమ్మాయి మీద పడింది. అక్కడ కాలింది నాకు.

దానికి ఇరవై రెండేళ్ళు. వాళ్ళ నాన్న చెయ్యే వచ్చింది. కత్తెర పట్టుకుంటే గుడ్డ తనంతట తనే తెగుతున్నట్టుంటుంది. ఆ మాట దాని ముఖాన ఎప్పుడూ అనలేదనుకోండి. మెచ్చుకుంటే చెయ్యి బద్ధకిస్తుందని నా భయం. ఎంత బాగా కుట్టినా "పర్లేదు" అంటాను. మరీ బాగుంటే రెండుసార్లు తిరగేసి చూసి "పర్లేదు" అంటాను.

రెండు నెలల కిందట సందు మలుపులో ఖాళీగా ఉన్న గదిని మరిది అద్దెకి తీసుకున్నాడు. గోడలకి రంగులు, పెద్ద అద్దం, లోపల దీపాలు. నడక అయిపోయాక జనం అక్కడికొచ్చి "మన ఊరి స్టైలు" బట్టలు కొనుక్కోవాలట. ఆ బట్టలు మా అమ్మాయి కుట్టాలట.

"వదినా, పిల్లని నాకు వదిలెయ్. దాని పేరు గోడ మీద ఇంతింత అక్షరాల్తో రాయిస్తాను. ఇక్కడ నీ వెనకాల కూచుంటే దానికేం మిగుల్తుంది?" అన్నాడు.

"చేతిలో పని మిగుల్తుంది. నీకు మిగల్లేదే, అది" అన్నాను.

వాడు మూతి ముడుచుకుని పోయాడు. మర్నాడు అమ్మాయి టీ గ్లాసు నా ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్తా, మధ్యలో అరవకు."

"అరిచే మాటైతే అరుస్తాను."

"మాస్టారికి కొత్త కోటు కావాలన్నారు కదా. అది నేనొక్కదాన్నే కుడతా. కొలతల దగ్గర్నుంచి కాజాల దాకా. నువ్వు చెయ్యి పెట్టకూడదు. తొంగి కూడా చూడకూడదు. శనివారం సాయంత్రం పూర్తయ్యాక చూడు. చూసి బాగుందని నువ్వు అంటే, నేను ఇక్కడే ఉంటా. బాబాయి గదిలో అడుగు కూడా పెట్టను."

"బాగాలేకపోతే?"

"బాగాలేదని చెప్పు. కానీ పర్లేదు అని మాత్రం అనకు. పర్లేదు అన్నావా, ఆదివారం పొద్దున్నే నా కత్తెర తీసుకుని మలుపులోకి పోతా."

దాని కళ్ళల్లో నీళ్ళు లేవు, కోపం కూడా లేదు. బేరమాడుతున్నట్టు నిలబడింది. నాకు నవ్వూ వచ్చింది, గుండెలో రాయీ పడింది. ఈ ఇంట్లో నాకున్నది అదొక్కతే. "సరే" అన్నాను.

వారం రోజులు లోపలి గదికి తెర కట్టుకుని పనిచేసింది. నేను తొంగి చూడలేదు, ఒట్టు. కానీ వినపడుతుంది కదా. ముదురు నీలం గుడ్డ మీద కత్తెర ఎక్కడ ఆగిందో, ఎక్కడ తిరిగిందో చప్పుడుని బట్టే తెలిసిపోయేది. చంక దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. ఇస్త్రీ పెట్టె తడిగుడ్డ మీద పెట్టినప్పుడు వచ్చే చప్పుడు కూడా వాళ్ళ నాన్నదే. బుధవారం నాటికే నాకు తెలిసిపోయింది, కోటు బాగుంటుందని. ఆ మాట అనడానికి అద్దం ముందు నిలబడి ఒకసారి ప్రయత్నించాను కూడా. నవ్వొచ్చినా, సిగ్గేసినా అనగలిగాను. ఇంత వయసొచ్చి అద్దంలో "బాగుందమ్మా" అని గొణుక్కునే ఆడదాన్ని ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవారు.

గురువారం నుంచి మాత్రం చప్పుడు ఆగిపోయింది. మిషను లేదు, కత్తెర లేదు, ఇస్త్రీ లేదు. ఏదో చేతికుట్టు పని. కాజాలేమో అనుకున్నాను. రెండున్నర రోజులు కాజాలేమిటి, చాదస్తం కాకపోతే, అని కూడా అనుకున్నాను.

శనివారం మూడున్నరకి తెర తీసింది. కోటుని కొట్టు ముందు వైపు ఉన్న బొమ్మకి తొడిగి, మీద పాత దుప్పటి కప్పి పెట్టింది. "నేను పైకెళ్ళి మాస్టారిని తీసుకొస్తా. ఆయన వేసుకున్నాక చూద్దువుగాని. అప్పటిదాకా దుప్పటి తియ్యకు" అని మెట్లెక్కి పోయింది.

నేను తియ్యలేదు. మరిది తీశాడు.

ఆ రోజు వాడికి ఏం తొందరో, అరగంట ముందే మందని తోలుకొచ్చాడు. మజిలీలు కూడా తారుమారు చేసి ముందు మా కొట్టులోకే చొరబడ్డాడు. నేను లోపల కుక్కరు దించుతున్నాను. బయట "ఓహో!" అని ఒకటే గోల. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూద్దును కదా, దుప్పటి కింద పడి ఉంది. ఇరవై ఫోన్లు కోటు వైపు తిరిగి ఉన్నాయి. నీలం కోటు రెండు ముందుభాగాల మీదా తెల్లగా, వరసలు వరసలుగా, కచ్చా కుట్లు!

"చూడండి, చూడండి. మా అన్న కూతురి పని. ఇదే మన సందు స్టైలు!" అంటున్నాడు వాడు.

పిల్ల తొందరలో కచ్చా విప్పడం మర్చిపోయింది, వీడు సందు చూసుకుని దాన్ని ఊరందరి ముందూ పెట్టి స్టైలు అంటున్నాడు. మా ఆయన బతికుంటే ఈ గడపలోనే కుప్పకూలేవాడు. ఇంకాసేపట్లో మాస్టారు అలాగే వేసుకుని మెట్ల మీద కూచుంటే, తోటి దర్జీలు చూస్తే, "కోట్లు కుట్టే మాస్టరమ్మ కూతురికి కచ్చా విప్పడం కూడా రాదు" అనరా? దాని పరువు నా కళ్ళ ముందే పోతోంది. ఒక్క నిమిషంలో లాగేస్తే అది వచ్చేలోపు కోటు శుభ్రంగా ఉంటుంది. నేను మెచ్చుకోవడానికి అడ్డం కూడా ఉండదు. అలా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"తప్పుకోండి అందరూ! చేప చేతుల్తో గుడ్డ ముట్టుకోకండి!" అని అరిచి, కుట్లు విప్పే కత్తి తీసుకుని కుడివైపు పైవరస పట్టుకున్నాను.

కచ్చా కుట్టు ఒక్క లాగు లాగితే బారెడు దారం చేతిలోకొస్తుంది. ఇది రాలేదు. మొదటి కుట్టు తెంపాను. రెండోది బిగుసుకుంది. మూడో కుట్టు దగ్గర నా వేలికి వెనకవైపు ముడి తగిలింది. కచ్చాకి ముడెవరు వేస్తారు? దారం కూడా నూలు కాదు, పట్టు. నున్నగా జారింది.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. మూడో కుట్టు దగ్గరే నా వేళ్ళకి తెలిసిపోయింది. చెయ్యి ఆగింది కూడా.

"వదినా, ఆగు! అది కచ్చా కాదు వదినా, అది డిజైను! నీకు తెలీదు, ఆగు!" అన్నాడు మరిది.

నీకు తెలీదు అన్నాడు. కాలరు కుట్టడం రాని వెధవ, ఇరవై మంది ముందు, నా కొట్టులో నిలబడి, కుట్టు గురించి నాకు తెలీదన్నాడు. అందరూ నా చేతివైపే చూస్తున్నారు. ఒకడు ఫోను ఇంకాస్త దగ్గరికి తెచ్చాడు. "నాకా చెప్తున్నావ్?" అన్నాను. అని, పైవరస అంతా కోసేశాను. దాని కింది వరసా కోశాను. తర్వాతిదీ కోశాను. కుడివైపు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. తెల్లదారం ముక్కలు నా చీర మీదా, నేల మీదా రాలాయి.

తలెత్తేసరికి మెట్ల దగ్గర మా అమ్మాయి నిలబడి ఉంది. దాని పక్కన మాస్టారు, చేతిలో క్లారినెట్.

అమ్మాయి దగ్గరికొచ్చి, నేల మీద దారం ముక్క ఒకటి తీసుకుని, వేలి మీద పెట్టుకుని చూసింది.

"రెండు పొట్టి, ఒకటి పొడుగు" అంది.

నాకు ఒక్కసారి అర్థం కాలేదు. తర్వాత ఎడమవైపు మిగిలిన వరసలకేసి చూశాను. రెండు పొట్టి, ఒకటి పొడుగు, కాస్త ఏటవాలుగా. మా ఆయన కచ్చా అలాగే వేసేవాడు. ఇంకెవరూ అలా వెయ్యరు. పెళ్ళయిన కొత్తలో "ఇదేం నత్తి కుట్టండీ" అని వెక్కిరించేదాన్ని.

"నాన్న ఎన్ని కోట్లు కుట్టారమ్మా! ఊరంతా వేసుకు తిరిగారు. నాన్న చెయ్యి ఎక్కడైనా కనబడిందా? కచ్చా దగ్గరే కదా ఆయన చెయ్యి తెలిసేది! అది కాస్తా ప్రతిసారీ నువ్వే విప్పేసేదానివి. ఒక్క కోటు మీదైనా ఉండనిద్దామనుకున్నా. చూడగానే నువ్వు గుర్తుపడతావనుకున్నా" అంది.

గొంతు పెంచలేదు. నేనైతే కొట్టు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. అది అరిచి ఉంటే బాగుండేది.

"బాగుందే" అన్నాను. నా నోటి నుంచి అంత చిన్న గొంతు రావడం నేనెప్పుడూ వినలేదు. "చాలా బాగుంది. నిజంగా. ఒట్టు."

"ఎప్పుడు బాగుందమ్మా? విప్పకముందా, విప్పాకా?"

కత్తి బల్ల మీద పడేశాను.

"ఇటివ్వు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెడితే కన్నాలు మూసుకుంటాయి. కూచుని మళ్ళీ కుట్టేస్తాను, రెండు పొట్టి ఒకటి పొడుగు, నాకూ తెలుసు..." అంటూ కోటు అందుకోబోయాను.

అది కోటుని బొమ్మ మీంచి తీసి తన ఛాతీకి ఆనించుకుంది. "ముయ్యకు. అలాగే ఉండనీ" అంది. వెనక్కి తిరిగి, "మాస్టారూ, వేసుకుంటారా? ఒకవైపు పోయింది" అంది.

మాస్టారు క్లారినెట్ బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి చాపారు. అది తొడిగింది. భుజాలు పోతపోసినట్టు కూచున్నాయి. చంక దగ్గర ముడత లేదు. ఎడమవైపు తెల్లటి వరసలు, కుడివైపు సూది కన్నాలు. ఆయన నావైపు చూశారు. ఒకప్పుడు పాఠం అప్పజెప్పలేని పిల్లల్ని అలాగే చూసేవారేమో. తర్వాత మెట్ల మీద కూచుని వాయించారు. ఆ రోజు ఎవరూ ఫోను ఎత్తలేదని మరిది తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు. నాకు తెలీదు, నేను లోపల దారం ముక్కలు ఏరుకుంటున్నాను.

ఆదివారం పొద్దున్న అది కత్తెర తీసుకుంది. "నేను బాగుందన్నాను కదే, మాటంటే మాటే కదా?" అన్నాను. సిగ్గు విడిచి అడిగాను.

"చూసి చెప్పాలి అన్నానమ్మా. నువ్వు చూళ్ళేదు, చెయ్యి పెట్టావు" అని గడప దాటింది.

మధ్యాహ్నం అన్నం కారియర్లో పెట్టి మలుపుదాకా పట్టుకెళ్ళాను. మరిది బయటికొచ్చి కారియరు అందుకుని, "లోపలికి రా వదినా" అన్నాడు. వాడి గొంతులో జాలి విన్నాక ఇంకో అడుగు పడలేదు. వాడు వెటకారం చేసినా సరే, భరించేదాన్ని.

మూడు వారాలయింది. శనివారాలు నడక ఇంకా వస్తోంది, మునుపటికన్నా ఎక్కువ మందే. చేప తింటారు, మాస్టారి పాట వింటారు. మా కొట్టు ముందు మాత్రం ఆగరు. మూడో మజిలీ మలుపులోకి మారింది. ఇన్నాళ్ళూ ఎప్పుడు వదిలిపోతారా అని తిట్టుకున్న జనం నా గడప ముందు నుంచి చకచకా పోతుంటే, కత్తెర పక్కన పెట్టి చూస్తూ కూచుంటున్నాను.

నిన్న మా అమ్మాయి వాళ్ళని మలుపులో గది బయటే నిలబెట్టి మాట్లాడుతోంది. మాస్టారు ఆ కోటుతోనే పక్కన నిలబడ్డారు. సందు ఇరుకు, మాట స్పష్టంగా వినపడుతుంది.

"ఇటువైపుది నేను కుట్టింది. అటువైపుది మా అమ్మ విప్పింది" అని చెప్పింది. దెప్పుతున్నట్టు లేదు, గొప్పా లేదు. ఏ గుడ్డ ఏ రకమో చెప్పినట్టు చెప్పింది. కొందరు "అబ్బ!" అన్నారు. ఒకతను అలాంటిదే, సరిగ్గా అలాగే ఒకవైపు విప్పినదే, తనకొకటి కావాలన్నాడు.

"కుట్టడం వరకే నాకొచ్చు" అంది మా అమ్మాయి.

అప్పుడు ఆ గుంపులోంచి ఒకావిడ, నా వయసే ఉంటుంది, సందు దాటి మా గడప దగ్గరికొచ్చి తొంగి చూసింది.

"ఏమండీ, ఆ కోటు విప్పినావిడ మీరేనా?"

పాతికేళ్ళుగా ఈ సందులో నన్ను కోట్లు కుట్టే ఆవిడ అంటారు. మలుపు దగ్గర మా అమ్మాయి మాట ఆపి ఇటే చూస్తోంది.

"అవునండీ, నేనే" అన్నాను. "తెలిసే విప్పాను."